లీటరులో ఆవగింజంత

పది లక్షల పాళ్లలో ఒక పాలు అంటే ఎంతో విద్యార్థులకు చెప్పడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మిద్దెల మీద కనిపించే, వెయ్యి లీటర్లు పట్టే నల్లని ప్లాస్టిక్ ట్యాంకును తలచుకొమ్మంటాను. దాని నిండా ఉన్న నీళ్లలో ఒక్క గ్రాము ఉప్పు వేసి కలిపితే లీటరుకు ఒక మిల్లీగ్రాము వస్తుంది. నాలుకకు తెలియదు, కంటికి కనబడదు. కర్నూలులో నేను పనిచేసే కళాశాలలో ఏటా ఈ మాట చెబుతాను. బోర్డు వైపు తిరిగి చెబుతాను. తరగతి వైపు తిరిగితే నా కుడిచేయి దానంతట అదే పైపెదవి దగ్గరికి వెళుతుంది.

నా ముందు పండ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. వేంపల్లె దగ్గరి మా ఊళ్లో చర్చి ఆవరణలోని బోరు నీళ్లు తాగి పెరిగిన చాలామందికి అవి ఉన్నాయి. పంటి పైపొర తయారయ్యే పసితనంలో నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే అలా అవుతుందని నేను డిగ్రీలో చదువుకున్నాను. అంతకుముందు నన్ను సరిగా పండ్లు తోముకోని పిల్లగానే లెక్కగట్టేవారు. బొగ్గుపొడితో చిగుళ్లు చీరుకుపోయేదాకా రుద్దుకునేదాన్ని. కారణం తెలిశాక సిగ్గు పోవాలి. పోలేదు. కారణం తెలిస్తే సిగ్గు పోతుందనే మాటకు నా దగ్గర ఇప్పటికీ ఆధారం లేదు.

నందికొట్కూరు వైపు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో తాగునీటి సీసాలు పరీక్షకు కళాశాల ప్రయోగశాలలో నా బల్ల మీదికి వచ్చేవి. మా ఊరివి రాలేదు, నేను తేలేదు. ఆ సీసా మీద ఊరి పేరు రాయడమంటే నా నోటి గురించి రాయడమే అనిపించేది.

మొన్న వేసవిలో మా ఊరికి, తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడికి చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. పెళ్లి ఆలస్యమైంది, కూతురికి ఇంకా రెండేళ్లు నిండలేదు. మరదలిది కోయిలకుంట్ల. ఆ పొద్దున ఆమె పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెడుతోంది. ఎంతసేపటికీ దించకపోతే ఎందుకని అడిగాను.

"పాపకు వదినా. సగానికి సగం ఇంకేదాంకా కాంచితే నీళ్లలో ఉండే దోషం పోతాది. మా అమ్మ కషాయం అట్లనే కాంచేది. బోరు నీళ్లు పచ్చివి ఒక చుక్క గూడా తాపలేదు నేను," అంది. ఆ గొంతులో బిడ్డను బాగా చూసుకుంటున్న తల్లి గర్వం ఉంది.

ఆవిరయ్యేది నీరు, ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీళ్లు సగమైతే మిగిలిన సగంలో అది రెట్టింపవుతుంది. తమ్ముడూ నేనూ తాగిన దానికంటే చిక్కని నీళ్లను ఆమె చల్లార్చి, వడగట్టి, పాలసీసాలో పోసి తాపుతోంది. అయినా కొలవకుండా చెప్పకూడదనుకున్నాను. బోరు నీళ్లు ఒక సీసాలో, కాచినవి ఇంకో సీసాలో పట్టుకుని కర్నూలు బస్సెక్కాను. కొలవడం అవసరమే. కానీ ఆ పూట నోరు విప్పకుండా తప్పించుకోవడానికి కూడా అది పనికొచ్చింది.

మా పరీక్షలో ఎర్రని రంగు ద్రావణం వాడతాము. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ ఎరుపు వెలిసిపోతుంది. మరీ ఎక్కువగా ఉంటే పరికరం అందుకోలేదు. స్వేదనజలం కలిపి పలచబరచి, కొలిచి, ఎన్నింతలు పలచబరిచామో అంతతో గుణించాలి. మా బోరు నీళ్లను పలచబరచక తప్పలేదు. గుణిస్తే లీటరుకు రెండు దశాంశం ఎనిమిది మిల్లీగ్రాములు. ఒకటిన్నర దాటితే తాగకూడదు. కాచినవి ఐదు దశాంశం ఆరు ఉండాలి, ఐదు దశాంశం ఒకటే వచ్చింది. కొంత గిన్నె అడుగున తెల్లటి పొరతో పాటు దిగిపోయి ఉండవచ్చు. మళ్లీ మొదటినుంచి చేశాను, అంకె మారలేదు.

ఆదివారం ఆరాధన ముగిసి తమ్ముడు ఇల్లు చేరేసరికి నేను వాళ్ల వరండాలో కూర్చుని ఉన్నాను. అంకెలు చెప్పాను. వాడు పడీపడీ నవ్వాడు.

"మిల్లీగ్రాము అంటే ఎంతక్కా?"

"గ్రాములో వెయ్యో వంతు."

"అంటే లీటరులో ఆవగింజంత గూడా లేదు గదా! ఆ మాత్రానికి బస్సు చార్జీలు పెట్టుకోని వచ్చినావా?"

"ఆవగింజ బరువు రెండు మూడు మిల్లీగ్రాములుంటుంది. నేను తూచి చూసినాను. నీళ్లలో ఉండేదీ అంతే."

"ఆవగింజ తూచిందంట మే, మా అక్క!" అని పెళ్లాం వైపు తిరిగి ఇంకా గట్టిగా నవ్వాడు. వాడి పండ్ల మీదా నా చారలే. వాటిని దాచుకోవాలన్న ఆలోచన వాడికి ఎన్నడూ రాలేదు.

"అదిగో, వాని పండ్లు చూడు," అన్నాను మరదలితో. "ఆ నీళ్ల వల్లనే అట్లయినాయి."

ఆమె మొహం మాడ్చుకుంది. "ఆయప్పవి వక్కాకుతో పోయిన పండ్లు వదినా. నీళ్ల మీద పెడతారేల? పొద్దన్నుంచి మాపటిదాంకా నములుతానే ఉంటాడు."

ఆమె ఆక్షేపణ న్యాయమైనదే. వక్కాకు నమిలే మనిషి పండ్లను చూపి నీళ్లను నిందిస్తే నేనూ ఒప్పుకోను. వక్కాకు ముట్టకుండా, ఇవే నీళ్లు తాగి పెరిగిన మనిషిని పక్కన నిలబెట్టి పోల్చమంటాను. అటువంటి మనిషి ఆ వరండాలో ఒక్కతే ఉంది.

కొంగు నోటికి అడ్డంగా ఉంది. ఎప్పుడు అడ్డం పెట్టుకున్నానో నాకే తెలియదు. దాన్ని తీసి, పై పెదవిని వేళ్లతో ఎత్తి, పశువుల సంతలో ఎద్దు నోరు చూపినట్టు చూపాను. "నేను వక్కాకు నమలను. చూడు," అన్నాను. పెదవి ఎత్తి పట్టుకున్నందువల్ల మాట వికారంగా వచ్చింది. తమ్ముడు నవ్వు ఆపాడు.

మరదలు దగ్గరికొచ్చి వంగి చూసింది. మొగుడి నోరు తెరిపించి చూసి, మళ్లీ నాది చూసింది. చారలు అవే, అడ్డంగా, అదే ఎత్తులో. నేలమీద ఆడుకుంటున్న పాపను లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఇన్నేండ్లు నీకు మేమంటే శానా చులకన అనుకుంటి వదినా," అంది. "నా పెండ్లిలో గూడా నవ్వలేదు నువ్వు. ఫొటోలు చూసి మా అమ్మ గూడా అనె, మొగుని అక్కకు చదువు పొగరని."

పండ్లు చూపినప్పటి సిగ్గు దీని ముందు తేలిక. ఒకరి పెళ్లిలో నేను నవ్వవలసిన నవ్వు ఒకటి ఉంది, పండ్లు దాచుకోవడానికి అది నవ్వలేదు. ఆమె లేచి, గిన్నెలో చల్లారుతున్న నీళ్లను తీసుకెళ్లి దానిమ్మ పాదులో ఒంపేసింది.

"రేపట్నుంచి యాడ తేవల్ల నీళ్లు?" అని తమ్ముడు గొణిగాడు.

వేంపల్లెలో నీళ్లు శుద్ధిచేసి క్యాన్లలో అమ్మేచోటు ఒకటుందని ఆమే చెప్పింది. అక్కడివీ పరీక్షించనిదే పాపకు పట్టవద్దని నేనన్నాను. అంతవరకూ కాలువ నీళ్లొచ్చే పక్క ఊళ్లోని బంధువుల ఇంటికి బిడ్డను తీసుకుపోతానంది. క్యాను నీళ్లు ఒక సీసా నాతో పంపారు. కర్నూలులో వాటిని పలచబరచవలసిన అవసరమే రాలేదు; ఎరుపు కొద్దిగానే వెలిసింది. సున్నా దశాంశం నాలుగు. ఫోన్ చేసి చెప్పాను.

"రెండు తూర్లు చూసినావా వదినా?"

"చూసినాను. క్యాన్లు మారుతుంటాయి కాబట్టి నెలనెలా ఒక సీసా పంపు, మళ్లీ చూస్తాను."

"సరే. ఇంగొకటి అడగల్ల. ఇంతవరకూ తాగిండేది ఏమవుతాది?"

పాలపండ్లు ఊడాక వచ్చే ముందు పండ్ల పైపొర ఆ వయసులోనే కట్టుకుంటుంది. అవి చిగురు దాటి బయటికి వచ్చేది ఆరేడేళ్లకు. లోపల ఎంత జరిగిందో చెప్పగల ద్రావణమేదీ నా బల్ల మీద లేదు. పాప పుట్టినప్పుడే ఆ బోరు నీళ్లు ఒక సీసా తెచ్చుకోగలిగేదాన్ని. ఆ మాట ఆమె అనలేదు.

"తెలియదు," అన్నాను. "పండ్లు వచ్చినప్పుడు చూడాల్సిందే."

అవతల పాప నీళ్లకోసం ఏడవడం వినిపించింది. వస్తాండా అని బిడ్డతో అంటూ ఆమె ఫోన్ పెట్టేసింది.