చిల్లుల తోటకూర

సీతమ్మధార దుకాణంలో చిల్లులు పడ్డ తోటకూర కట్టకి 'మందు కొట్టనిది' అని చీటీ అంటించి, రెట్టింపు ధర పెట్టారు. చూడగానే ఒళ్లు మండింది.

"పురుగు కొరికిన ఆకే ఆరోగ్యం," అని మూడో తరగతిలో మా టీచర్ చెప్పింది. ఆ సాయంత్రమే గాజువాక బజారులో, అమ్మ తట్ట అడుగున దాచే చిల్లుల కట్టలన్నీ తీసి పైన పేర్చాను.

"ఏటే ఇది? ఇయ్యి ఎవులు కొంతారే?" అంది అమ్మ.

"మా టీచర్ కొంతాది," అన్నాను.

టీచర్ వచ్చింది. పై కట్ట తిప్పి చూసి, "అన్నీ పురుగులే," అంటూ పక్క తట్టలో నున్నటి ఆకులు కొనుక్కుంది.

మరుసటి వారం నాన్న మా తోటకూర మడికి మందు కొట్టాడు. నేను బడి మారేదాకా టీచర్ మా దగ్గరే కొంది. మందు సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.