కాయిల్‌కి తెలిసింది వేడే

దివిసీమలో మా ఊరి చర్చికి మైకు పెట్టేది ఒక మావయ్య. నాకు వరసేమీ కాడు, ఊరందరికీ మావయ్యే. పాట నడుస్తుండగానే లేచి వెళ్ళి, పెట్టె వెనక చెయ్యి పోనిచ్చి, స్పీకర్ అయస్కాంతాన్ని అరచేత్తో తాకేవాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. వేడి తగిలితే సౌండ్ తగ్గించేవాడు.

తొంభైల చివర్లో ఒక పగటి కూటానికి బందరు నుంచి ప్రసంగీకుడు వచ్చాడు. "సౌండ్ పెంచు బ్రదర్" అని మూడుసార్లు అడిగాడు.

"పెట్టె బాగా వేడెక్కిందండీ. ఓ పాట సేపు ఆగండి" అన్నాడు మావయ్య.

ఆయన వేదిక దిగివచ్చి తనే నాబ్ చివరిదాకా తిప్పాడు. స్పీకర్ గరగరలాడింది, కాలిన వాసన వేసింది, ఆగిపోయింది.

"ఈ మనిషికి విశ్వాసం లేదు. అందుకే సైతాను మైకు నోరు నొక్కాడు" అన్నాడు ప్రసంగీకుడు అందరి ముందూ.

మావయ్య స్పీకర్ విప్పి, లోపలి గరాటులాంటి కాగితం చింపి, నల్లగా మాడిన తీగచుట్ట పైకెత్తి చూపించాడు. "సైతాను కాదండీ, కాయిల్ కాలింది. దీనికి విశ్వాసం తెలీదు, వేడే తెలుసు."

సంఘపెద్దలు మావయ్యనే బయటికి వెళ్ళమన్నారు. తన సొంత పెట్టెను భుజానికెత్తుకుని ఆయన వెళ్ళిపోతుంటే మాలో ఒక్కరం కూడా లేవలేదు. అప్పటికి నాకు పాతికేళ్ళు, నోరు లేనివాణ్ణి కాను. ఆ రోజు కోపం ఇప్పటికీ పోలేదు, అందులో సగం నా మీదే.

ఆ తర్వాత ప్రసంగీకుడు మైకు లేకుండానే మరో గంట మాట్లాడాడు. చివరి వరసలో కూర్చున్న నాకు ఒక్క మాటా పొల్లుపోకుండా వినిపించింది.