డెమోలు దాటించిన మా టెస్టింగ్ సార్

మొన్న మంగళవారం ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా నా పాత హాస్టల్ రూమ్మేట్ ఫోన్ చేసింది. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి బయటికొచ్చి విసుగ్గా ఎత్తితే, "సార్ పోయారే" అంది. ఏ సార్ అని అడగలేదు. మా ఇద్దరికీ సార్ అంటే ఒక్కరే. పొద్దున పంజాగుట్టలో ఇంట్లోనే గుండె ఆగిపోయిందట, ఆసుపత్రి దాకా కూడా ఉండలేదట. అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఆరేళ్ళుగా ఆయన నన్ను ఒకే ఒక్క పని అడుగుతున్నారు. "జర ఒక్కసారి వచ్చి మా పిల్లలతోని మాట్లాడు తల్లీ" అని. నేను వెళ్ళలేదు.

ఆయన అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని, నేర్పేవారు. మీలో ఎవరైనా అక్కడ కోర్సులు చేసి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. పంజాగుట్ట నుంచి నడిచే వచ్చేవారు. చాక్‌పీసు చొక్కా జేబులో వేసుకునే అలవాటు, మధ్యాహ్నానికి జేబంతా తెల్లబడేది.

నేను రేపల్లెలో తెలుగు మీడియంలో చదివి, బీఎస్సీ పట్టా పట్టుకుని అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో దిగాను. అప్పటికి మెట్రో స్తంభాలు లేవు, ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా మొదటి రెండు క్లాసులు ఉచితం, డెమో అనేవారు. నచ్చితే చేరాలి. నేనేమో రెండు నెలలపాటు డెమోలే విన్నాను. ఇక్కడ రెండు, అక్కడ రెండు. ప్రతి కోర్సులోనూ మొదటి పాఠం నాకు కంఠతా వచ్చు, మూడో పాఠం ఎలా ఉంటుందో తెలియదు. రోజూ క్లాసుకి వెళ్తున్నానని ఇంటికి ఫోన్‌లో చెప్పేదాన్ని, అదేమీ అబద్ధం కూడా కాదు. చేరితే నాకు రాదని తేలిపోతుందని భయం. చేరనంతకాలం తేలదు కదా!

సార్ దగ్గరైతే కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా వెళ్ళి ఆ ఉచిత క్లాసులే మళ్ళీ విన్నాను. నాలుగోసారి ఆయన పాఠం ఆపి నా వైపు తిరిగారు.

"ఏమ్మా, నా క్లాసేమన్న హిట్టు సినిమానా, మళ్ళ మళ్ళ చూస్తున్నవ్?"

తల దించుకుని, "నాకు రాదు సార్, తెలుగు మీడియం" అన్నాను.

"రాదని ఎట్ల తెలుసు? చేసి చూసినవా?"

"లేదు సార్."

"టెస్ట్ చెయ్యకుంటనే ఫెయిల్ అని రాసేసినవ్. గసుంటి టెస్టర్‌ను ఎవడు పెట్టుకుంటడు?"

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఆ సాయంత్రం చేరిపోయాను.

టెస్టింగ్‌లో ఒక పద్ధతి ఉంది. బటన్ నొక్కేముందు ఏం జరగాలో ఒక గడిలో రాయాలి, నొక్కాక ఏం జరిగిందో పక్క గడిలో రాయాలి. సార్ ఈ పద్ధతినే మా భయాలకీ వాడారు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత కొట్టించారు. భయమేసే పనికి వెళ్ళేముందు ఎడమవైపు ఏమవుతుందనుకుంటున్నామో రాయాలి, తిరిగొచ్చాక కుడివైపు ఏమైందో రాయాలి. పైపైన రాస్తే ఊరుకునేవారు కాదు. "భయమైతది అంటే నాకేం తెలుస్తది? ఏమైతదో రాయి. ఎంతమంది నవ్వుతరు?" అనేవారు.

క్లాసులో ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాల్సిన రోజు ఎడమవైపు, "అందరూ నవ్వుతారు, నోరు పెగలదు, ఏడ్చేస్తాను" అని రాశాను. కుడివైపు రాసింది ఇదీ: "ఇద్దరు నవ్వారు. ఒకడు ఆవలించాడు. మిగతావాళ్ళు విన్నారో లేదో తెలియదు. ఏడవలేదు." సార్ చదివి, "చూసినవా, నీ మీద నవ్వనీకి సుత జనాలకు తీరిక లేదు" అని తనే పడీ పడీ నవ్వారు.

అన్నీ అలా నవ్వులతో పోలేదు. బంజారా హిల్స్‌లో మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళేముందు, "పంపించేస్తారు" అని రాశాను. నిజంగానే పంపించేశారు. నోట్‌బుక్ ఆయన ముందు పడేసి, "చూశారా సార్, నేననుకున్నదే అయింది" అని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు.

"పంపించినంక ఏం చేసినవ్?"

"షేర్ ఆటో ఎక్కి హాస్టల్‌కి వచ్చి అన్నం తిన్నాను."

"గదే రాయి. అన్నం తింటనని ఎడమదిక్కు రాయలే కదా."

నువ్వు చేయగలవని ఆయన ఎవరికీ చెప్పగా వినలేదు. "నాకేం తెలుసు? చేసి చూడు, ఏమైందో వచ్చి చెప్పు" అనేవారు. వచ్చి చెప్పడానికి ఒక మనిషి ఉన్నాడు కాబట్టే వెళ్ళేవాళ్ళం. ఐదో ఇంటర్వ్యూలో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు కూడా అమ్మకంటే ముందు ఆయనకే చెప్పాను.

తన పిల్లలతో మాట్లాడమని సార్ ఆరేళ్ళ కిందట మొదటిసారి పిలిచారు. కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా ఫోన్ చేసేవారు. ఆఫీసులో పని అన్నాను, పాపకి పరీక్షలన్నాను, లేని జ్వరం తెచ్చుకున్నాను. నిజమేంటంటే, మీటింగుల్లో కూర్చుని ఎంతైనా మాట్లాడతాను గానీ, ఆయన నిలబడే చోట నిలబడి చెప్పడం నా వల్ల కాదనుకున్నాను. ఒక్కసారైనా ప్రయత్నించకుండానే అనుకున్నాను. పోయిన నెల మళ్ళీ చేసి, "ఎడమదిక్కు ఏం రాసుకున్నవ్?" అన్నారు. "ఏం రాయలేదు సార్" అన్నాను. "సరె తియ్, నువ్వు బిజీ ఉంటవ్" అన్నారు. ఆయన నన్ను అంత తేలిగ్గా వదిలేయడం అదే మొదలు. గొంతు నీరసంగా ఉంది. బాగున్నారా అని కూడా అడగలేదు, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చాక, పంజాగుట్టలో వాళ్ళింట్లో సార్ భార్య నా చెయ్యి పట్టుకుని, "శనివారం పొద్దుగాల కొత్త బ్యాచ్ ఉన్నదమ్మా. పిల్లలు వస్తరు. వాళ్ళకేం చెప్పాల్నో నాకు సమజైతలేదు" అన్నారు.

"నేను వెళ్తాను ఆంటీ" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

శనివారం వెళ్ళాను. మెట్లెక్కి మూడో అంతస్తుకి చేరాను. క్లాసు నిండా పిల్లలే, ఒక్కరూ నాకు తెలియరు. నేను లోపలికి అడుగు పెట్టగానే అందరూ బెంచీలు చప్పుడయ్యేలా ఒక్కసారి లేచారు. సార్ వస్తున్నారని నేను గోడ పక్కకి జరిగి దారిచ్చి, వెనక్కి తిరిగి చూశాను.

గుమ్మంలో ఎవరూ లేరు. పిల్లలు నేను కూర్చోమంటానని అలాగే నిలబడి ఉన్నారు.