సంతకం లేని ఆ ఉత్తరం నాదే

మా పక్కింటామె గది మూయించింది ఆమె మరిది కాదు, నేను. ఊళ్లో ఇప్పటికీ ఆయన్నే అంటున్నారు కాబట్టి ముందు ఈ ముక్క రాసి, మిగతాది తర్వాత చెబుతాను.

నేనుండేది తాడేపల్లిగూడెంలో. కైకలూరు అవతల, కొల్లేరు పక్కనున్న ఒక ఊళ్లో చిన్న డాబా కొన్నాను. చలికాలంలో గూడబాతుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లకి రోజుల లెక్కన అద్దెకిచ్చేవాణ్ణి. పక్కిల్లు ఆమెది. భర్త బడిపంతులు, చనిపోయాడు. మేడ మీదున్న ఒక్క గదినీ వచ్చినవాళ్లకిచ్చి, వండిపెట్టి బతికేది. ఆమెకి అవతలి పక్క మరిది ఇల్లు. మధ్య గోడ గురించి వాళ్లకి చిన్న తగాదా ఉండేది.

ఇలాంటి ఇళ్లకి లైసెన్సు ఉండాలని టూరిజం ఆఫీసువాళ్లు అన్నారు. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి, ఇరుగూ పొరుగూ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. తనిఖీ రోజున నేను గూడెం నుంచి గ్యాస్ స్టవ్వు, దేవుడి పటాలు, మా ఆవిడ చీరలు నాలుగు కారులో తెచ్చాను. చీరలు తాడు మీద ఆరేశాను. తడపాలని కూడా తోచలేదు, ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. వచ్చినాయన వాటిని చూసి, కాపురం ఉందని రాసుకుపోయాడు. పక్కింటామె నా కాగితం చదవకుండానే సంతకం పెట్టింది. "మీ ఇంటికి నలుగురొస్తే మా వీధికే కదా మంచిది అన్నయ్యగారూ" అని టీ కూడా ఇచ్చింది.

నా ఏసీ గదుల్లో దిగినవాళ్లు ఆమె కొరమీను పులుసు తిని, మరోసారి వచ్చినప్పుడు ఆమె మేడ మీదే దిగారు. అదీ నా కడుపుమంట. ఆమె దరఖాస్తు తెస్తే నవ్వుతూ సంతకం పెట్టాను. ఆ వారమే ఏలూరులో ఒక డీటీపీ షాపులో ఆకాశరామన్న ఉత్తరం కొట్టించి ఆ ఆఫీసుకి పోస్టు చేశాను. ఎవరెవరో వస్తున్నారు, ఆధార్ కాపీలు తీసుకోరు, ఆడపిల్లలున్న వీధి అని. అన్నీ అబద్ధాలే.

ఆఫీసువాళ్లకి అది చాలింది! ఒక్కరూ వచ్చి ఆమెను అడిగిన పాపాన పోలేదు. దరఖాస్తు తిప్పి పంపి, గదికి తాళం వేయించారు. నిజంగా పొయ్యి వెలిగే ఇల్లు పనికిరాలేదు. చీరలు ఆరేసిన ఇంటికి మాత్రం లైసెన్సు ఉంది. దాన్ని నేను ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను కూడా.

"గోడ దగ్గర గెలవలేక గది మీద పడ్డాడు" అని ఊరు మరిదిని ఆడిపోసుకుంది. ఆమె కూడా అదే నమ్మింది. నేను విన్నాను, ఊరుకున్నాను. ఆమె రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. అయినా నా ఇంటికొచ్చేవాళ్లకి తాళాలిచ్చేది ఆమే. రెండేళ్ల తర్వాత ఒక ఉదయం నాకు తాళంచెవి ఇస్తుంటే, ఐసునీళ్లకి పగిలిన ఆమె వేళ్లు చూశాను. అక్కడే చెప్పేశాను.

ఆమె తాళంచెవి నా చేతిలో పెట్టేసింది. "నాకు కాదండీ, మా మరిదికి చెప్పండి. ఆయన కూతురి పెళ్లికి కూడా నేను వెళ్లలేదు" అంది. అన్నయ్యగారూ అనలేదు.

మరిది అరుగు మీద వలకి కుట్లు వేసుకుంటున్నాడు. అంతా విన్నాడు. "రెండేళ్లు నన్ను దొంగని చేసి ఇప్పుడు తీరిగ్గా వచ్చారా అండీ? కూర్చోండి, టీ తాగి మరీ వెళుదురుగాని!" అన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

ఆ ఉత్తరం నాదేనని, అందులో ఉన్నది అబద్ధమని రాసి, సంతకం పెట్టి ఆఫీసుకి తీసుకెళ్లాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దాని మీద మీ పేరు లేదు కదండీ. మీదేనని రుజువేంటి?"

"పేరు లేనిదాన్ని అప్పుడెలా నమ్మారండీ మరి?"

"అప్పుడు ఈ సీట్లో నేను లేనండీ."

పోనీ నా లైసెన్సన్నా రద్దు చేయండి, ఆ ఇంట్లో నేను కాపురం ఉండడం లేదన్నాను. ఫైలు తీసి చూశాడు. "తనిఖీ రిపోర్టులో ఉంటున్నారనే ఉందండీ" అన్నాడు. నా నోటితో నేను చెప్పే నిజం కంటే ఇస్త్రీ చీరల సాక్ష్యమే వాళ్లకి గట్టిది! నా మీద నాకెంత అసహ్యముందో, ఆ ఆఫీసు బల్ల మీద అంత కోపమొచ్చింది.

ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టుకుంది. ఈసారి మరిది ముందు సంతకం చేశాడు, తర్వాత నేను. మొన్న తనిఖీకి వచ్చినాయన గుమ్మంలోనే అడిగాడు: "మీ మీద పాత కంప్లైంటు ఉంది కదమ్మా?"

"ఉందండీ. రాసినాయన ఇడుగో, మీ పక్కనే నిలబడ్డాడు."

"అవునండీ, నేనే" అన్నాను.

"అది వేరే విషయమండీ" అని ఆయన మేడెక్కి బాత్రూము కొలతలు రాసుకున్నాడు. ఇది రాసే రోజుకీ ఆమెకి లైసెన్సు రాలేదు. ఈ ఉదయం కూడా ఆమె షెడ్డు ఆటో ఎక్కింది.