బాలింత కత్తి

మా పక్కింటి ఆండాళమ్మకు ఏదీ ఒక పట్టాన నచ్చదు. చీరాల నుంచి నేత చీరలు తెచ్చి ఊరూరా తిరిగి అమ్ముతుంది కాబట్టి పోగు పోగూ పట్టి చూడడం ఆమెకు వృత్తిలో అబ్బింది. ఆ అలవాటు చీరల దగ్గర ఆగితే బాగుండేది. వంకాయలు కొన్నా అంతే, గ్యాస్ పొయ్యి కొన్నా అంతే. కూతురు సాయి సుధకు సంబంధాలు చూసే రోజుల్లో బాపట్ల పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన మా వీధిలోకి రావడమే మానేశాడు. చివరికి తెనాలి అబ్బాయి కిషోర్ నచ్చాడు. సెల్ ఫోన్లు రిపేరు చేసే షాపు, నెమ్మదైన మనిషి.

అలాంటి ఆండాళమ్మ ఒక చిన్న కత్తి కోసం మూడు ఊళ్లు తిరిగిందంటే వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. తోడుగా నన్ను లాక్కెళ్లింది కాబట్టి నేను మాత్రం విసుక్కున్నాను. నేను టీచర్ని, వేసవి సెలవులు, బడి లేదు, తప్పించుకోవడానికి సాకు దొరకలేదు.

సుధ పురిటికి వచ్చింది. అంతకుముందు ఒక కడుపు ఐదో నెలలో పోయింది. అప్పటి నుంచి ఆండాళమ్మకు నిద్రలో కూడా అదే బెంగ. ఈసారి ఎందులోనూ లోటు జరగకూడదు. బాలింత తలగడ కింద కత్తి ఉండాలి. బాత్రూముకు వెళ్లినా, పెరట్లోకి వెళ్లినా గాలీ ధూళీ సోకకుండా దాన్ని బొడ్లో దోపుకుని వెళ్లాలి. వాళ్ల అత్తగారి నాటి కత్తిని ఎవరి పురిటికో అడిగి పట్టుకెళ్లారట, అది తిరిగి రాలేదు.

"వంటింట్లో చాకు లేదా అక్కా?" అన్నాను.

"ఉల్లిపాయలు కోసే చాకు బాలింతకు పెడతారా నీరజమ్మా? నీకన్నీ ఎగతాళే!"

వెక్కిరించే అర్హత నాకేమీ లేదు. మేం లూథరన్లం, మా ఇళ్లల్లో బాలింత తలగడ కింద బైబిలు పెడతారు. నేను బాలింతగా ఉన్నప్పుడు మా అమ్మ బైబిలు పెట్టి, దాని కింద కత్తి కూడా పెట్టింది. పాస్టరుగారు ప్రార్థనకు వచ్చినప్పుడు మాత్రం కత్తిని బియ్యం డబ్బాలో దాచేది. అయినా వెక్కిరించాను. నా నోరు అలాంటిది.

ముందు బాపట్ల బజారులో చూశాం. అన్నీ తళతళలాడే స్టీలు చాకులు, రంగు రంగుల ప్లాస్టిక్ పిడులు.

"ఇనుపది కావాలండి," అంది ఆండాళమ్మ.

"స్టీలంటే ఇనుమేనమ్మా," అన్నాడు షాపతను.

"ఇనుమైతే తుప్పు పట్టదేంటి మరి?"

అతను చాకులు లోపల పెట్టేశాడు. అక్కడి నుంచి తెనాలి. ఆ షాపులో మడిచే చాకులు చూపించారు. ఆండాళమ్మ ఒకదాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి పక్కన పెట్టేసింది. "ముడుచుకుని పడుకునే కత్తి కాపలా ఏం కాస్తుందండి?" అంది. అప్పుడతను నల్లటి ఒరలో ఉన్న కత్తి ఒకటి తీశాడు. వీపున రంపపు పళ్లు, పిడికి తాడు. అడవుల్లో తిరిగేవాళ్లు కొంటారని చెప్పాడు. "మా అమ్మాయి అడవులకు పోవట్లేదు నాయనా, పురిటి మంచం ఎక్కుతోంది," అంది ఈమె. షాపులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ వేసవిలో మేం మనసారా నవ్వింది అదే ఆఖరు.

తెనాలిలో రేపల్లె బండి పట్టుకున్నాం. రేపల్లెలో ఆండాళమ్మ వాడుకగా చీరలు అమ్మే ఇళ్ల వెనక బసవలింగం అనే ముసలి కమ్మరి కొలిమి ఉంది. ఆయన ఈమె మాట పూర్తి కాకముందే "బాలింతకా అమ్మా?" అన్నాడు. పాత లారీ కమాను పట్టీ ముక్క ఎర్రగా కాల్చి, సాగగొట్టి, అరచేతిలో ఇమిడేంత కత్తి చేశాడు. తుమ్మచెక్క పిడి బిగించాడు. ఆండాళమ్మ కాసేపు చూసి పిడి లావన్నది. చెక్కాడు. మొన మరీ పొడుగన్నది. తగ్గించాడు. నాకు ఒళ్లు మండిపోతోంది గానీ, ఆయనకు విసుగు లేదు. చివరికి ఈమె వెంట తెచ్చుకున్న చీరల మూటలోంచి నూలు పోగు తీసి, గాలిలో వదులుగా పట్టుకుని, కత్తి అంచుకు ఆనించింది. పోగు చప్పుడు లేకుండా తెగింది.

"ఇదీ పదునంటే," అంది సంతోషంగా.

కత్తి చేతి నుంచి చేతికి అందిస్తే తగువులొస్తాయని బసవలింగం దాన్ని ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ మీద పెట్టాడు. ఆండాళమ్మ అక్కడి నుంచి తీసుకుని కళ్లకద్దుకుంది. ఇంటికొచ్చాక చీర అంచు ముక్కను మడతలు వేసి దానికి ఒర కుట్టింది. పుట్టబోయే బిడ్డకు కుట్టిన చొక్కాల కంటే ఆ ఒర కుట్టడానికే ఎక్కువ సేపు పట్టిందనుకుంటాను.

ఆడపిల్ల పుట్టింది. నల్లటి జుట్టు, పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉండేవి. సుధ తలగడ కింద కత్తి, పక్కలో పాప. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆండాళమ్మ చీరల మూట కట్టి పక్కన పడేసి, వ్యాపారం సంగతే మర్చిపోయింది.

పురిటి స్నానం కాకముందే పాపకు ఊపిరి ఆడడం కష్టమైంది. గుంటూరు తీసుకెళ్లారు. అక్కడ డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, ఎవరినీ ఒక మాట అనడానికి లేదు. కిషోర్ తువ్వాలులో చుట్టి తీసుకొచ్చాడు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. నాకు దేవుడి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ ఆదివారం చర్చికి పోలేదు.

పాప లేదని సుధ ఒంటికి తెలియదు కదా. పాలు వస్తూనే ఉన్నాయి. జాకెట్టు తడిసిపోయేది. పాలు ఆగడానికి ఆండాళమ్మ మల్లెపూలు తెచ్చి కూతురి రొమ్ములకు కట్టింది. ఆ గదిలోకి వెళితే మల్లెల వాసన. ఇప్పటికీ నాకు మల్లెపూలు పెట్టుకోబుద్ధి కాదు.

సుధ తినదు, మాట్లాడదు, ఏడవదు. గోడవైపు తిరిగి పడుకునేది. కిషోర్ రోజూ సాయంత్రం బండికి వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు. ఒక మధ్యాహ్నం ఆండాళమ్మ అన్నం కలిపి పెడుతుంటే సుధ మెల్లగా అంది.

"అది ఒక్కత్తే ఎట్లా ఉంటదమ్మా? నేనూ దాని దగ్గరికి పోతా."

ఆండాళమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ఓపిగ్గా మాట్లాడి, మాత్రలు రాసి, పిల్లను ఒంటరిగా వదలొద్దని చెప్పింది. మేం ఇంట్లో తాళ్లూ మందులూ అన్నీ తీసి దాచేశాం. మిగిలింది తలగడ కింద ఉన్నది.

తీసేస్తే సరిపోతుందని మీరనుకుంటారు. నేనూ అదే అన్నాను. చుట్టాల్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. "బిడ్డ పోతే మాత్రం బాలింత కాకుండా పోద్దా? పచ్చి ఒళ్లు. ఇప్పుడే అసలు కత్తి ఉండాల్సింది," అన్నారు. ఆండాళమ్మ మా వంటింట్లోకి వచ్చి నేలమీద కూలబడింది.

"ఏం చెయ్యను నీరజమ్మా? ఉంచితే ఒక భయం, తీస్తే ఇంకో భయం."

"తీసి అవతల పారెయ్యక్కా. గాలీ లేదు, ధూళీ లేదు," అన్నాను గట్టిగా.

"నువ్వనగలవు. ఏదన్నా సోకి ఇదీ పోతే నేను బతుకుతానా?"

అయినా నా మాట విని, సుధ స్నానానికి లేచినప్పుడు తీసేసింది. సుధ వచ్చి తలగడ కింద చేయి పెట్టి చూసుకుంది. అన్నాళ్లూ నోరు విప్పని పిల్ల లేచి కూర్చుని, "నా కత్తేది?" అని అరిచింది. "పాప కోసం కొన్నది అదొక్కటే మిగిలింది నాకు. దాన్ని కూడా తీసేస్తారా?" అంది. చొక్కాలు, ఉయ్యాల గుడ్డ, అన్నీ పాపతో పాటే మట్టిలో పెట్టేశారు మరి. ఆండాళమ్మ కత్తి తెచ్చి మంచం మీద పెట్టింది.

మర్నాడు ఆమె "పిడి వదులైందమ్మా, బిగించుకొస్తా" అని కూతురికి చెప్పి, నన్ను కాపలా పెట్టి, రేపల్లె వెళ్లింది. మూట లేకుండా ఆమె రైలెక్కడం అదే మొదటిసారి. పెట్టెలో వాడుక ఆడవాళ్లు "చీరలేవి పిన్నీ?" అని అడిగారట. కిటికీ వైపు తిరిగి కూర్చుందట.

బసవలింగం ముందు కత్తి నేలమీద పెట్టి, "దీనికి పదును తీసెయ్ అన్నయ్యా," అంది.

ఆయనకు అర్థం కాలేదు. "పదును పెట్టమంటున్నావా అమ్మా?"

"కాదు. తీసెయ్. పోగు కూడా తెగకూడదు. మొన గుండ్రంగా చెయ్యి."

ఆయన ఆమె ముఖం చూశాడు. బిడ్డ ఎలా ఉందని అడగబోయి ఆగిపోయాడట. చక్రం తిప్పి, తాను పెట్టిన పదునంతా తానే అరగదీశాడు. అయ్యాక వేలితో అంచును అటూ ఇటూ రుద్ది చూసి, దాగలి మీద పెట్టి, "ఇనుము ఇనుమే అమ్మా. పదునుదేముంది," అన్నాడు. ఈమె అక్కడే కూర్చుని భోరున ఏడ్చింది. ఏదీ నచ్చని మనిషి, ఏరి ఏరి చేయించుకున్న వస్తువును తన కళ్లముందే పాడు చేయించుకుంది. బతుకు మనిషిని ఎంత దూరం తీసుకొస్తుందో చూడండి.

ఆ పగలంతా నేను సుధ దగ్గర కూర్చున్నాను. "అమ్మ వచ్చిందా ఆంటీ?" అని అడుగుతూనే ఉంది. అమ్మ కోసం కాదని నాకు తెలుసు. సాయంత్రానికి కత్తి అదే ఒరలో, అదే తలగడ కిందికి చేరింది. ఆండాళమ్మ నావైపు చూసి తల ఊపింది. ఇక పరవాలేదనుకున్నాం ఇద్దరం.

మర్నాడు మధ్యాహ్నం నేను సుధ గది గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. ఆండాళమ్మ వెల్లుల్లి కారం, నెయ్యి వేసిన అన్నం పళ్లెంతో గదిలోకి వెళ్లింది. సుధ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"అమ్మా, దాని పదును తీయించావు కదూ," అంది.

ఒరలో ఉన్న కత్తిని బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. బయటికి తీసినా తెలియదు. అంచును దేనికో ఒకదానికి ఆనించి నొక్కితేనే తెలుస్తుంది. ఆ సంగతి నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఆండాళమ్మకు వెంటనే అర్థమైంది. పళ్లెం కింద పెట్టి, కూతురి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, గాజులు పైకి జరిపి, ఒక మణికట్టు, తర్వాత రెండో మణికట్టు తిప్పి తిప్పి చూసింది. జీవితంలో ఆమె దేన్నీ అంత జాగ్రత్తగా చూసి ఉండదు.

ఎప్పుడు చూశావే అని అడగలేదు. ఎందుకు అని కూడా అడగలేదు. ఆ చేతులను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

సుధ తన చేతులు వెనక్కి తీసుకోలేదు.

"మళ్లీ సాన పెట్టించకమ్మా," అంది.