రుబ్బురోలు వాయించిన వాడు

ఆ ఆదివారం నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. ఒకరింట్లో పీట మీద కూర్చుని, వాళ్ల పప్పుచారు కలుపుకుంటూ, వాళ్ల పాటనే పంక్తిలోంచి లేపేశాను. అదీ నోటినిండా ముద్ద ఉండగా.

ఆ రోజుల్లో, అంటే పాటలు క్యాసెట్ల నుంచి సీడీల్లోకి ఇల్లు మారుతున్న కాలంలో, టాటానగర్‌లో మా స్టీలు ప్లాంటు అగ్రికో క్వార్టర్స్‌లో కంప్యూటర్ ఉన్న కొద్ది ఇళ్లలో మాదొకటి. దానివల్ల నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చింది. బిష్టుపూర్ బజార్‌లోని ఇంటర్నెట్ సెంటర్‌లో మధ్యాహ్నమంతా కూర్చుంటే ఒక పాట దిగేది, ఒక్కోసారి ముప్పావు దిగి ఆగిపోయేది (ఆ ముప్పావు పాటలే నాకు ఇప్పటికీ పూర్తి పాటల్లా వినిపిస్తాయి). అలా దొరికిందే షూగేజ్ అనే ఇంగ్లిషు రాక్ సంగీతం. గిటార్ వాయించేవాళ్లు జనాన్ని చూడకుండా, కాళ్ల దగ్గర ఉన్న పెడల్ మీటల్ని చూసుకుంటూ వంచిన తల ఎత్తకుండా వాయిస్తారు కాబట్టి ఆ పేరు, బూట్లవైపు చూపు అని. గిటార్ల హోరు గోడలా లేస్తుంది, గొంతు ఆ గోడ వెనకనుంచి ఎవరో నిద్రలో మాట్లాడినట్టు వస్తుంది. స్టీలు ప్లాంటు హోరు వింటూ పెరిగినవాణ్ణి, నాకది సొంత ఊరి సంగీతంలాగే అనిపించింది. విని ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. ఒక నోటుబుక్కు పెట్టి దానికి చట్టాలు రాశాను. హోరు ఎంత తగ్గితే అది డ్రీమ్ పాప్ అనే మెత్తరకం అవుతుంది, ఎంత పెరిగితే ఉత్త రభస అవుతుంది, డప్పు ఎక్కడ వినపడాలి, ఎక్కడ వినపడకూడదు, అన్నీ. మొదటి చట్టం కింద రెండు గీతలు కూడా గీశాను: మాటలు అర్థం కాకూడదు.

కాలేజీ ఫంక్షన్‌లో ఒక గంటసేపు షూగేజ్ వినిపించడానికి నాకు అనుమతి దొరికింది. పద్నాలుగు పాటల లిస్టు. పదమూడు నావి, ఒకటి డీజిల్‌ది. డీజిల్ అంటే నా స్నేహితుడు. వాళ్ల నాన్న టాటానగర్‌లో డీజిల్ ఇంజన్ డ్రైవరు కాబట్టి ఆ పేరు. వాడి దగ్గర ఒక గిటార్, పాత రేడియో స్పీకర్‌తో వాడే చేసుకున్న ఒక ఆంప్లిఫయర్ ఉండేవి. "ఒక పాట దొరికింది. సండే ఘర్ ఆజా, మా ఇంట్లో తినేసి విందువుగాని," అన్నాడు.

రైల్వే కాలనీలో వాళ్ల వరండాలో చెప్పులు విడిచి, పీట మీద కూర్చున్నాను. వాళ్లమ్మని నేను పిన్ని అనేవాణ్ణి. శ్రీకాకుళం వైపు మనిషి. పెళ్లై వచ్చి పాతికేళ్లయినా మాట ఇంకా అక్కడే ఉండిపోయింది. ఆవిడ వడ్డిస్తూంటే డీజిల్ టేప్ రికార్డర్ మీట నొక్కాడు. గిటార్ హోరు, దాని కింద ఏదో గరగర, ఆ రెండిటి మధ్యనుంచి ఒక ఆడగొంతు, తెలుగులో, నాట్లప్పుడు పాడుకునే పాటేదో. నేను సగం పాట కూడా వినలేదు.

"నహీ యార్, ఇది షూగేజ్ కాదు," అన్నాను ముద్ద నములుతూ. "ప్రతి మాటా అర్థమైపోతోంది. ఈ గరగర పరవాలేదు, గిటార్ కూడా సరే. ఈవిడెవరో గానీ ప్లాట్‌ఫారం మీద తప్పిపోయిన పిల్లాణ్ణి పిలిచినట్టు పాడుతోంది."

డీజిల్ తల దించుకున్నాడు. నా వెనక గరిటె ఆగిపోయింది.

"అంత గట్టిగా పాడీసినానేటి బాబూ?" అంది పిన్ని.

అప్పుడు నేను చూసింది నా కాళ్లవైపు. చెప్పులు బయట ఉన్నాయి కాబట్టి బొటనవేళ్లు మాత్రమే కనిపించాయి. అక్కడితో ఆగినా బాగుండేది. "అది కాదు పిన్నీ, పాట బాగుంది, జానర్ వేరే," అన్నాను.

"జానరంటే ఏటి?"

"అంటే... రకం పిన్నీ."

"మరి నాదే రకం?" అంటూ నా అన్నంలో ఇంకో గరిటె పప్పుచారు పోసింది. అంత ఇబ్బందిగా నేను ఎప్పుడూ భోజనం చెయ్యలేదు. (రెండోసారి అన్నం పెట్టించుకున్నానని డీజిల్ ఇప్పటికీ అంటాడు. నాకు గుర్తులేదు.)

మంగళవారం కాలేజీలో వాణ్ణి పట్టుకుని, పోనీ ఆ పాట ఆఖర్న పెడదామన్నాను. "మిటా దియా," అన్నాడు. క్యాసెట్ తుడిచేశాడట. "అమ్మ మా లైన్లో మూడిళ్లవాళ్లకి చెప్పింది, కాలేజీలో నా పాట వేస్తారట అని. ఇప్పుడు మళ్లీ తనే వెళ్లి, ఒద్దన్నారట అని చెప్పుకొచ్చింది. తేరా లిస్ట్ తూ రఖ్, నీ దగ్గరే ఉంచుకో," అని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి నా పదమూడు పాటలూ వరసగా విన్నాను. ఒక్క మాటా అర్థం కాలేదు, చట్టప్రకారం. అప్పుడు అనుమానం వచ్చింది. ఆ ఇంగ్లిషు కుర్రాళ్ల అమ్మలకి ఆ మాటలు అర్థమయ్యే ఉంటాయి కదా? పిన్ని పాట నాకు తెలియని భాషలో దిగివుంటే, ఆ గరగరకీ ఆ గొంతుకీ నేనే మొదటి స్థానం ఇచ్చి ఉండేవాణ్ణి. నాకు తెలుగు రావడమే ఆ పాట చేసిన నేరం. (ఆ తెలుగులో మా అమ్మ ఏదడిగినా హిందీలో జవాబు చెప్పేవాణ్ణి.)

శనివారం సైకిలెక్కి స్టేషను వైపు వెళ్లాను. తలుపు తీసింది పిన్నే.

"ఏటి బాబూ, బోయనానికొచ్చినావా, తీర్పుకొచ్చినావా?"

"తప్పయిపోయింది పిన్నీ. ఆ పాట ఇంకోసారి పాడతారా?"

ఆవిడ పక్కకి జరిగి నన్ను లోపలికి రానిచ్చింది. "ఉత్తినే కూకోని పాడడం నాకు రాదు నాయినా. సెయ్యాడితేనే నోరాడతాది. మొన్న పప్పు రుబ్బుతా పాడినాను. ఇయాల రెక్క నొప్పిగా ఉంది," అంది.

ఆ గరగర ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పెరట్లో రుబ్బురోలు, పక్కన గిన్నెలో నానిన మినప్పప్పు ఉన్నాయి. చొక్కా చేతులు మడిచి రోలు ముందు కూర్చున్నాను. డీజిల్ వచ్చి గిటార్ తగిలించి, టేప్ రికార్డర్ గడప మీద పెట్టాడు. పిన్ని ముక్కాలిపీట మీద కూర్చుని, నా చెయ్యి తిరుగుతూంటే తను పాడింది. మొదటిసారి పొత్రం నా వేలి మీద పడి నేను అరిచాను. రెండోసారి షంటింగ్ ఇంజన్ కూత పెట్టింది. మూడోసారి డీజిల్ నోరు విప్పాడు: "సమానంగా తిప్పు బే, రిథమ్ పోతోంది." మంగళవారం తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. అంత తియ్యగా నన్నెవరూ తిట్టలేదు. ఐదోసారికి పాట కుదిరింది. పిండీ కుదిరింది. నా అరచేతిలో రెండు బొబ్బలు లేచాయి.

అన్నీ కలిపి గంటకి మించిపోయాయి. నాకు ప్రాణమైన తొమ్మిది నిమిషాల పాటొకటి తీసేసి పిన్ని పాట పెట్టాను. తర్వాత నేనే ఆ లైన్లో మూడిళ్లకీ వెళ్లి, పాట వేస్తున్నామని, రావాలని చెప్పాను. ఫంక్షన్ రోజు ఆ మూడిళ్ల ఆడవాళ్లూ ఇస్త్రీ చీరల్లో వచ్చి పిన్ని పక్కన ముందు వరసలో కూర్చున్నారు. నా పాటలు నడిచినంతసేపూ ఫ్యాన్ పాడైందేమోనని పైకి చూశారు. పిన్ని పాట మొదలవగానే నిటారుగా కూర్చున్నారు. అయిపోయాక ఒకావిడ వంగి అడగడం నాకు వినపడింది: "బాగా పాడినావే. మద్దిలో ఆ గరగర ఏటి?"

పిన్ని వెనక్కి తిరిగి, వేలితో నన్ను చూపించింది.

ఇప్పుడు నా ఫోన్‌లో షూగేజ్ లిస్టుకి అంతు లేదు. ఆ నోటుబుక్కు ఏమైందో తెలియదు. లిస్టులో మొదటి పాట మాత్రం అదే, ఇంజన్ కూత లేని ఐదో టేకు. అందులో మాటలన్నీ స్పష్టంగా అర్థమవుతాయి. నేను మాత్రం ఎప్పుడు విన్నా ఆ గరగరనే వింటాను. రెండో చరణంలో ఒకచోట చెయ్యి కొంచెం తడబడుతుంది. అక్కడ నా తల దానంతటదే వంగుతుంది, నవ్వు కూడా వస్తుంది.