తాళిని వీపు మీదికి తిప్పిన చెయ్యి

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వే. కాణిపాకంలో పూజా సామాన్ల అంగడి నడుపుతాను. గాలి సోకిందని నిమ్మకాయలకు వచ్చేవాళ్లకు అవి అమ్ముతూనే, ముందు డాక్టరుకు చూపించండి అని నాలుగు చీవాట్లు పెట్టి పంపే రకాన్ని. ఆ నోటితోనే ఇది చెప్పుకోవలసి వస్తోంది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు నాకూ మా ఆయనకూ ఒకేసారి సోకింది. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేరాము. ఆయన కింది అంతస్తులో, నేను పైన. ఆక్సిజన్ పెట్టినా నాకు ఊపిరి అందడం లేదు. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తులకు గాలి బాగా ఆడుతుందని డాక్టరు చెప్పాడు. పడుకోకపోతే వెంటిలేటరు పెట్టాల్సి వస్తుందని, అది ఒక్కటి కూడా ఖాళీ లేదని దాచకుండా చెప్పేశాడు.

పడుకున్నాను. కాసేపటికే తాళిబొట్లు రొమ్ము ఎముకలో గుచ్చుకున్నాయి. ఓర్చుకోలేక వెల్లకిలా తిరిగితే, వేలికి పెట్టిన మిషన్లో ఆక్సిజన్ అంకె పడిపోయేది. మళ్లీ బోర్లా, మళ్లీ వెల్లకిలా. నర్సు చూసి, తాళి తీసి సంచిలో పెట్టుకోమని మెల్లగా చెప్పింది. చిన్న పిల్ల, పాపం, నా మంచికే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఆయన కింద ఊపిరాడక పడుండాడు. ఇప్పుడా తాళి తీసేది? నా ఉసురు పోయినా తియ్యను" అన్నాను. ఆ పిల్ల పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నాలు పంచి వెళ్లాక నాకు ఆయాసం ఎక్కువైంది. బెల్లు నొక్కాను, ఎవరూ రాలేదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఎలాగో బోర్లా తిరిగి తల మంచం అంచున పెట్టాను. అలా పడుకుంటే మనుషులు కనపడరు, కాళ్లే కనపడతాయి. ఆ వార్డులో తిరిగే వాళ్లందరి కాళ్లకూ నీలం తొడుగులే.

నా మంచం పక్కన వచ్చి ఆగినవి ఉత్త కాళ్లు. పసుపు రాసుకున్న ఆడమనిషి కాళ్లు. మెట్టెలున్నాయి.

మెడ వెనక చల్లని వేళ్లు తగిలాయి. తాళి గొలుసు పట్టుకుని, బొట్లు నా వీపు మీదికి వచ్చేలా మెల్లగా తిప్పేశాయి. అంతే. తాళి మెడలోనే ఉంది, గుచ్చుకోవడం పోయింది. ఇంత చిన్న ఉపాయం మాలో ఒక్కరికీ తట్టలేదు చూడండి! తరువాత ఒక చెయ్యి నా వీపు మీద ఆనింది. గ్లౌజు లేని మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్లయిందో. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నిద్రపోయాను.

లేచేసరికి సాయంత్రం. తాళిబొట్లు ఇంకా వీపు మీదే ఉన్నాయి. అంకె తొంభై దాటి ఉంది. నర్సు నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్క వార్డులో ఇద్దరికి ప్రాణం మీదికి వచ్చిందట.

"నీ బెల్లు ఇనపడతానే ఉండాదక్కా, రాలేకపోయినా. ఒంటిగా వదిలేసినా నిన్ను" అంది.

మరి తాళి ఎవరు తిప్పారని అడిగితే, మాలో ఎవరమూ ఇటు రానే లేదంది. నా రెండు చేతులకూ సూదులున్నాయి, మెడ దాకా ఎత్తే ఓపిక కూడా లేదు. పక్క మంచాల వాళ్లు ఎవరినీ చూడలేదన్నారు.

మా ఆయన కూడా బతికి ఇల్లు చేరాడు. వచ్చింది గంగమ్మ తల్లే అంటాడు. ఆక్సిజన్ తగ్గితే లేనివి కనపడతాయని డాక్టరు అన్నాడు. కావచ్చు. లేనివి వచ్చి తాళి తిప్పిపోతాయా?

ఆ పిల్లకు మాత్రం ఆ సాయంత్రమే చెప్పాను, "ఏడవద్దు తల్లీ, నన్ను ఎవురూ ఒంటిగా వదల్లేదు" అని.

ఎవరు వచ్చారక్కా అని అడిగింది. ఆమెకు అప్పుడూ చెప్పలేకపోయాను, మీకు ఇప్పుడూ చెప్పలేను.